ఎంపీసీయా, బైపీసీయా: పొట్టేలు తీర్పు

ఆ రోజుల్లో (అంటే మరీ తాతల కాలం కాదు, తెలంగాణ వచ్చిన కొత్తలో) కట్టంగూర్ పక్కన మా ఊళ్లో పది పాసైనవాళ్లకు రెండే దారులు. ఎంపీసీ చదివితే ఇంజనీరు, బైపీసీ చదివితే డాక్టరు. నాకేమో లెక్కలు చేస్తుంటే లెక్కలే ప్రాణమనిపించేది, గుండె బొమ్మ గీస్తుంటే బొమ్మే ప్రాణమనిపించేది. హైదరాబాద్‌లో ఉండే మేనమామ ఊరికొచ్చి మరీ ఎంపీసీ అన్నాడు. సైన్సు సారు బైపీసీ అన్నాడు. పొద్దున సారు మాట, సాయంత్రం మామ మాట నిజమనిపించి అన్నం సయించేది కాదు. నల్లగొండ కాలేజీలో చేరడానికి రేపే ఆఖరన్నా నేను తేల్చలేదు.

మా బాపు గొర్ల కాపరి. ఆయనకు తెలిసిన తీర్పు ఒకటే. మొక్కుకున్న పొట్టేలు మీద నీళ్లు చల్లితే, అది ఒళ్లు దులుపుకుంటే అమ్మవారు ఒప్పుకున్నట్టు. "మనకు తెల్వనిది అమ్మనే అడుగుదం," అని చెంబు తీసుకుని దొడ్లోకి నడిచాడు. వెనకాల మామ, బాపును కన్న మా అవ్వ, నేను. (నవ్వకండి, ఇప్పుడు ఫీజు కట్టించుకుని కౌన్సెలింగ్ అని చేసేదీ ఇంచుమించు ఇదే.)

ఎంపీసీ అని మొక్కి నీళ్లు చల్లాడో లేదో, పొట్టేలు టపటపా దులుపుకుంది. మామ మీసం మెలేశాడు. నాకు మాత్రం, ఎందుకో ఏమో, కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. అటు తిరిగి నిలబడ్డా అవ్వ చూడనే చూసింది.

"ఆగు కొడుకా, బైపీసీ గూడ అడుగు. ఒక్కటే అడిగితె అమ్మ ఏం జెప్తది?"

బాపు అడిగాడు. పొట్టేలు కదలలేదు. చెంబు ఖాళీ అయి బిందె వచ్చింది. అది కళ్లు మూసుకుని హాయిగా స్నానం చేస్తోంది. నాకు ఏడుపు ఆగడం లేదు. అప్పుడు అవ్వ దండం పెడుతున్నట్టు వంగి, దోసెడు నీళ్లు దాని చెవిలో పోసింది. అది దులుపుకున్న దులుపుడుకు మామ ఇస్త్రీ చొక్కా తడిసి ముద్దయింది.

బాపు అవ్వను చూశాడు, నన్ను చూశాడు. "గట్లనే గానీ బిడ్డా. పొద్దుగాల పోదం," అన్నాడు.

ఇప్పుడు నేను పశువుల డాక్టర్ని. చెవిలో నీళ్లు పడితే ఏ గొర్రయినా దులుపుకుంటుందని నాకు తెలుసు. (బాపుకు మాత్రం అప్పుడు తెలియదా ఏం!) మొన్న బదిలీకి కట్టంగూరా, తిరుమలగిరా అని అడిగితే ఎటూ తేలక, చెంబు పట్టుకుని దొడ్లోకి పోయాను. ఎన్ని నీళ్లు చల్లినా పొట్టేలు దులుపుకోలేదు. చెవిలో పోయడానికి అవ్వ లేదు కదా.