నిండుకున్న నీళ్ళు

ఆ రోజుల్లో మా అత్తయ్య ఇంట్లో ఏదీ అయిపోయేది కాదు. ఉప్పు అయిపోతే 'నిండుకుంది' అనాలి. దీపం ఆరిపోతే 'కొండెక్కింది' అనాలి. ఇది అందరిళ్ళలోనూ ఉన్నదే అనుకోండి. కానీ రామచంద్రపురం దగ్గర మా మేనమామగారింట్లో శుభకార్యం తలపెట్టారంటే ఈ చట్టం మరీ కఠినంగా అమలయ్యేది. కూతురి పెళ్ళికి పందిరి రాట పాతిన దగ్గర్నుంచీ అత్తయ్య చెవులు ఇల్లంతా కాపలా తిరిగేవి. ఎవరి నోటైనా 'లేదు', 'పోయింది', 'చెడింది' అని వచ్చిందా, వాళ్ళకి ఆ పూట కాఫీ నిండుకునేది. నేనప్పుడే మెకానికల్ ఇంజినీరింగు పూర్తిచేసి, ఉద్యోగం దొరక్క, చుట్టాలిళ్ళలో ఫ్యూజులు వేస్తూ పొద్దుపుచ్చుతున్నాను. (అది ఎలక్ట్రికల్ వాళ్ళ పని అని ఎవరికీ చెప్పలేదు. చెబితే ఉన్న కాస్త గౌరవమూ కొండెక్కేది.)

పెళ్ళి రేపనగా కుండపోత వాన కురిసింది. పెరట్లో కొబ్బరిచెట్ల మధ్య భోజనాల పందిరి వేసిన చోటు పల్లం. మోకాలి లోతు నీళ్ళు నిలిచిపోయాయి. సాయంత్రానికి తుని నుంచి మగపెళ్ళివారు దిగుతారు, మొదటి బంతి అక్కడే వేయాలి. "మొదటి పూటే వియ్యాలవారిని బురదలో కూర్చోబెడితే, పిల్లని జన్మంతా దెప్పుతారు" అని మావయ్య తల పట్టుకున్నాడు. చేలో ఆయిలింజను ఉంది గానీ, దాని పొగకి పందిరి గుడ్డలు నల్లబడతాయని అత్తయ్య వద్దంది. "ఇంట్లో ఇంజినీరుండగా బెంగేంటండీ? నీళ్ళలో మునిగి తోడే మోటార్లొస్తున్నాయట కదా! వీణ్ణి తీసుకెళ్ళి కొనుక్కొస్తాను" అంటూ చెప్పులేసుకుంది.

కొట్టాయన మర్యాదస్తుడు. "నీళ్ళెలాంటివండి? మంచినీళ్ళాండి, మురికినీళ్ళాండి?" అని అడిగాడు. అత్తయ్య మొహం చిట్లించింది. "పెళ్ళివారింటి నీళ్ళండి. మంచివే" అంది. "అది కాదండి, చెత్తా చెదారం ఏమైనా..." అని ఆయన నసిగాడు. "ఎంత మాటండీ! శుభమా అని పిల్ల పెళ్ళి చేసుకుంటుంటే!" ఆయన దిక్కుతోచక నా వైపు చూశాడు. బురద సంగతి చెప్పవలసింది సరిగ్గా అప్పుడే. కానీ అత్తయ్య కూడా నా వైపే చూస్తోంది. అందుచేత నీళ్ళు ఎంత ఎత్తుకి ఎక్కాలి, గొట్టం ఎంత లావుండాలి అని, పరీక్షకి బట్టీపట్టిందంతా ఇంగ్లీషులో అప్పజెప్పేశాను. అందులో బురద అన్న మాట మాత్రం ఎక్కడా దొర్లలేదు. మా అత్తయ్య నన్ను చూసి మురిసిపోయి, తళతళలాడుతున్న మంచినీళ్ళ మోటారుని ఎంచి, దానికక్కడే బొట్టు పెట్టింది.

ఇంటికొచ్చి నీళ్ళలో దింపి స్విచ్చి వేశాను. కాసేపు బాగానే తోడింది. తర్వాత మూలిగింది. ఆ తర్వాత మౌనం పాటించింది. పైకి తీసి చూస్తే అడుగున ఉన్న జల్లెడకి కొబ్బరిపీచు, అరిటాకు ముక్కలు, బంకమట్టి కలిసి పెసరట్టులా పట్టేశాయి. కడగడం, దింపడం, అది మూలగడం, మళ్ళీ పైకి తీయడం. వంటవాళ్ళు గట్టున నిలబడి వినోదం చూస్తున్నారు. మావయ్యకి నన్ను చెడామడా తిట్టాలనుంది. పక్కనే అత్తయ్య ఉంది. పాపం ఆయన పళ్ళు నూరుతూ, "నీ చదువు చల్లగుండ! నీ ఇంజినీరింగు వెయ్యేళ్ళు వర్ధిల్లా!" అన్నాడు. నా జీవితంలో అంత ఘోరమైన దీవెన మళ్ళీ ఎవరూ ఇవ్వలేదు.

మోటారు వెనక కట్టుకుని సైకిలు మీద ఒక్కణ్ణే మళ్ళీ కొట్టుకి పరిగెత్తాను. అటూ ఇటూ చూసి, కొట్టాయన చెవిలో, "మురికేనండి. బురద, పీచు, ఆకులు, సమస్తం ఉన్నాయండి" అనేశాను. పొద్దుట్నుంచీ గొంతులో అడ్డుపడింది దిగినట్టు హాయిగా అనిపించింది. "ఆ ముక్క పొద్దున్నే అనుంటే బాగుండేది కదండీ! మీరేమో ఇంగ్లీషులోకి వెళ్ళిపోయారు" అని నవ్వి, మోటారు కడిగించుకుని, నోరు పెద్దదిగా ఉన్న నల్లటి మొరటు మోటారు ఇచ్చాడు. అది చెత్తతో సహా మింగి వెనకున్న బోదె కాలవలోకి కక్కేసింది. పొద్దువాలే వేళకి నేల తేలింది. దాని మీద ఇసుక పోసి, చాపలు పరిచాం.

సరిగ్గా అప్పుడే వీధిలో బస్సు ఆగింది. వాకిట్లోంచి అత్తయ్య కంగారుగా, "ఒరే అబ్బాయ్, నీళ్ళేమయ్యాయిరా?" అని కేకేసింది. 'పోయాయి' అనబోయి నాలుక కరుచుకున్నాను. పెళ్ళివారిల్లు కదా! ఊరంతా వినబడేలా, "నిండుకున్నాయత్తయ్యా!" అని అరిచాను.

వంటవాళ్ళు పులుసు గంగాళం ఎత్తుకుని అరుగెక్కేశారు. పేరంటాళ్ళు పీటలు నెత్తిన పెట్టుకున్నారు. బస్సు దిగిన మగపెళ్ళివారు చెప్పులు చేత పట్టుకుని, పట్టుపంచెలు మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, పొడి ఇసుక మీద అడుగులో అడుగు వేసుకుంటూ పందిట్లోకి వచ్చారు. ముందు నవ్వింది పెళ్ళికొడుకు తండ్రే. ఆ తర్వాత ఎవరూ ఎవరినీ ఆపలేకపోయారు. మా మరదల్ని వాళ్ళింట్లో ఎవరూ ఏనాడూ దెప్పలేదు. దెప్పడానికి వాళ్ళకి నేను దొరికాను.

మొన్న అత్తయ్యకి ఫోన్ చేసి, ఎలా ఉన్నావని అడిగాను. "ఏముందిరా, ఓపిక నిండుకుంది" అంది. నాకు గుండె కలుక్కుమంది. ఎదురుగా ఉన్న అద్దంలోకి చూసుకుని, "నాకూ జుట్టు నిండుకుందత్తయ్యా" అన్నాను. అవతల పకపకమని నవ్వు, మధ్యలో దగ్గు, మళ్ళీ నవ్వు. అదొక్కటీ ఆవిడ దగ్గర ఇంకా నిండుకోలేదు.