మేడ మీద యూదుల మామ్మగారు

బందరులో మా ఇంటి మేడమీద భాగం ఖాళీ అయినప్పుడు, అద్దెకు అడగడానికి దివిసీమ నుంచి ఒకాయన వచ్చాడు. రొయ్యల చెరువుల మోటార్లు బాగుచేసే మెకానిక్. ఇంట్లో ఉండేది తను, భార్య, ముసలి తల్లి. అన్నీ మాట్లాడుకున్నాక మొహమాటపడుతూ మా నాన్నతో అన్నాడు.

"ముందే చెప్పడం మంచిదండీ. చాలామంది క్రైస్తవులం అనుకుంటారు. మేం యూదులం. మీకేమైనా అభ్యంతరమా?"

తెలుగు మాట్లాడే యూదులు ఈ చుట్టుపక్కల ఉన్నారని వినడమే తప్ప ఎప్పుడూ చూడలేదు. నాన్న రేపు చెప్తానన్నారు.

ఆ సాయంత్రం మా మేనమామ వచ్చాడు. టీవీలో యూదుల దేశం చేస్తున్న యుద్ధం వార్తలు చూసి రోజూ ఉడికిపోతున్న మనిషి.

"వాళ్లకి ఇల్లిస్తావా బావా? యూదుల్నీ క్రైస్తవుల్నీ ఆప్తులుగా చేసుకోవద్దని ఖురాన్‌లోనే ఉంది కదా."

నాన్న వాదించలేదు. ఇద్దరూ మసీదుకు వెళ్లి ఇమాం గారినే అడిగారు. తిరిగొచ్చాక ఆయన అన్న మాటలు నాన్న మాకు చెప్పారు. మామయ్య చెప్పిన వాక్యం ఉన్న మాట నిజమే, కానీ యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఎవరి పక్షం వహించాలన్న సందర్భంలో వచ్చిందది అన్నారట. మీతో పోరాడని వాళ్లతో, మిమ్మల్ని ఇళ్లలోంచి వెళ్లగొట్టని వాళ్లతో మంచిగా, న్యాయంగా ఉండమన్న వాక్యం కూడా అదే గ్రంథంలో ఉందట.

"నమ్మకాల్లో తేడా లేదని నేననను, ఉంది. కానీ మోటార్లు బాగుచేసుకునే ఆయన మీతో ఏం యుద్ధం చేశాడు?" అని అడిగారట మామయ్యని.

మామయ్య ముఖం ముడుచుకుని వెళ్లిపోయాడు. వాళ్లు మేడమీదకు వచ్చారు.

మేం మామ్మగారని పిలిచే ఆ ముసలి తల్లికీ మా అమ్మకీ స్నేహం వంటింటి దగ్గర కుదిరింది. పంది మాంసం ఇద్దరికీ నిషిద్ధం. మాంసం మేం కొనే హలాల్ కొట్టు నుంచే తెప్పించుకునేది మామ్మగారు. రక్తం ఆనవాలు లేకుండా పోవాలని దాన్ని మళ్లీ నానబెట్టి, ఉప్పు పట్టించి, కడిగి గాని వండేది కాదు. "మీరు మాకంటే ఒకాకు ఎక్కువే చదివారండీ" అని అమ్మ నవ్వేది. శనివారం వాళ్లకి విశ్రాంతి దినం, పొయ్యి వెలిగేది కాదు. ఆ రోజు ఆవిడ కిందికొచ్చి మా వసారాలో కూర్చునేది.

రెండో ఏడు వానాకాలంలో ఒక తెల్లవారుజామున ఆవిడ పోయింది. బంధువులు దూరం నుంచి రావాలి, దారులన్నీ నీళ్లలో ఉన్నాయి. స్నానం చేయించడానికి వాళ్ల ఆడవాళ్లెవరూ లేరు. కోడలు ఒక్కతే గది గుమ్మంలో నిలబడి ఉంది. అమ్మ సాయం పట్టాలనుకుంది గాని, తగునో తగదో తెలియక నాన్నని మళ్లీ ఇమాం గారి దగ్గరికి పంపింది.

"మన పద్ధతిలో చేసే స్నానం మనవాళ్లకే. కానీ పొరుగింటామెగా నీళ్లు అందించొచ్చు, చెయ్యి పట్టొచ్చు. ప్రార్థన వాళ్లది వాళ్లు చేసుకుంటారు" అని ఆయన చెప్పి, తనూ వెంట వచ్చారు.

తలుపు వేసుకుని కోడలు ఏదో చదువుతూ ఉంటే అమ్మ గోరువెచ్చటి నీళ్లు పోసింది. శవానికి చుట్టే గుడ్డ తెల్లగా, అంచు లేకుండా, ఏ అలంకారమూ లేకుండా ఉండాలంది కోడలు. మేమూ అంతే, అంది అమ్మ.

శవాన్ని కిందికి దించడానికి మగవాళ్లు తక్కువయ్యారు. నాన్న ఫోన్ చేస్తే మామయ్య వచ్చాడు. మెట్ల దగ్గర భుజం పట్టాడు. మధ్యాహ్నానికి నీళ్లు తీసి దారి తేలాక, దివిసీమ వెళ్లే బండి మలుపు తిరిగేదాకా ఇమాం గారు వీధిలో నిలబడే ఉన్నారు. ఒక యూదుడి శవం వెళ్తుంటే ప్రవక్త లేచి నిలబడ్డారనీ, అతను యూదుడు కదా అని పక్కవాళ్లంటే, అతనిదీ ప్రాణమే కదా అన్నారనీ ఆయన మామయ్యకి చెప్పారు. మామయ్య అభిప్రాయం మారిందో లేదో నాకు తెలియదు, ఇప్పటికీ వార్తలు చూసి ఉడుకుతూనే ఉంటాడు.

దివిసీమలో వాళ్ల ఊళ్లో ఖననం చేసి వచ్చాక వాళ్లు కొన్నాళ్లు నేలమీద కూర్చుని దుఃఖం పాటించారు. అన్నాళ్లూ అమ్మ వాళ్లని వండుకోనివ్వలేదు. వాళ్ల నియమం చెడకుండా, మాంసం జోలికి పోక, పప్పూ, కూరా విడిగా కొత్త గిన్నెల్లో వండి తనే మెట్లెక్కి ఇచ్చి వచ్చేది.