నర్సు పెట్టిన మాట

రాజోలులో ఇశ్రాయేలు మాస్టారి అరుగు మీదికి ఇంగ్లీషు కాగితాలో ఫోన్లో పట్టుకుని రోజూ ఎవరో ఒకరు వస్తుంటారు. ఆయన రిటైరై పదేళ్ళయినా పద్ధతి మారలేదు. కళ్ళజోడు తువ్వాలుతో తుడుచుకుని, పెదవులు కదుపుతూ రెండుసార్లు చదువుతారు. కబురు మంచిది కాకపోతే, చెప్పేముందు బొటనవేలితో గడ్డం గీరుకుంటారు. ఆ ఉదయం అంతర్వేది పల్లిపాలెం నుంచి సత్యవేణి వచ్చింది. ఆమె మొగుడు నూకరాజు కొచ్చిలో వేటబోటు మీద జారిపడి ఆసుపత్రిలో ఉన్నాడు. అక్కడి నర్సు ఇంగ్లీషులో మెసేజి పెట్టింది: ‘హి ఈజ్ డూయింగ్ యాజ్ వెల్ యాజ్ కెన్ బి ఎక్స్‌పెక్టెడ్.’

“వెల్ అనుంది, నాన్న బాగున్నాడని మా పిల్ల చెప్పిందండి. పేటంతా చెప్పేసేను కూడానండి. అంతే కదండీ?”

మాస్టారు గడ్డం గీరుకున్నారు. “ఆ స్థితిలో ఎంత బాగుండగలడో అంత బాగున్నాడని అమ్మా.”

“అంటేనండి?”

“బాగున్నాడని చెప్పలేక, బాగోలేదనడానికి నోరు రాక వాడే మాట.”

సత్యవేణి ఆయన చేతిలో ఉన్న తన ఫోను వైపు చూసింది. “ఎల్లుండి మా మరిది వేట నుంచి వచ్చేకా వెళదామనుకున్నానండి. ఆగొచ్చా?”

ఆ మెసేజిలో దీనికి జవాబు లేదు. అయినా మాస్టారు, “ఆగకమ్మా” అన్నారు.

“ఆయ్” అంటూ ఆమె చెప్పులు కూడా తొడుక్కోకుండా రోడ్డు మీదికి పరుగెత్తింది. ఫోను ఆయన దగ్గరే ఉండిపోయింది. దాన్ని తొణికిపోతుందేమో అన్నట్టు రెండు చేతులా పట్టుకుని, “అమ్మాయ్, అమ్మాయ్” అంటూ మాస్టారు వెనకాలే పరుగెత్తారు.