ఒంటికన్ను చేప

మా ఉదయగిరిలో కొయ్య గరిటెలు చేసే మస్తానమ్మ ఇటలీ వెళ్లొస్తే, ఊరంతా పిజ్జా తిన్నావా అనే అడిగింది. ఏం చూశావని అడిగింది నేనొక్కదాన్నే. పక్కింటిదాన్ని, పాస్‌పోర్టు కాగితాలు నింపినదాన్ని. ఆ మాత్రం హక్కుంది నాకు.

ఫ్లోరెన్స్‌లో చేతిపనుల ప్రదర్శనకు మహిళా సంఘం తరఫున పంపారు. ఖాళీ దొరికిన రెండు రోజులూ ఊరు తిప్పారు. ఎర్రటి గుమ్మటమున్న పెద్ద చర్చి, నది మీద బంగారం కొట్లున్న పాత వంతెన, ఒంటిమీద గుడ్డ లేని రాతి మనుషులు. "తల దించుకునే నడిచినాను," అంది. మన దుర్గం కోట అంతకంటే ఎత్తని మాత్రం గట్టిగా చెప్పింది.

చివరగా ఒక పాత ఇల్లు చూపించారు. ఇప్పుడది మ్యూజియం. వంటగదిలో అద్దాల పెట్టె, అందులో అంచు కాలిన ఒక కొయ్య గరిటె. నాలుగు వందల ఏళ్ల కిందటిదట. మస్తానమ్మ దాని ముందు నిలబడి ఏడ్చింది.

"మా నాయన వేలల్లో చేసినాడక్కా. అమ్మేవి అమ్మినాం, విరిగినవి పొయ్యిలో పెట్టినాం. ఇంట్లో ఒక్కటంటే ఒక్కటి లేదు."

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మస్తానమ్మ నాయన మౌలాలి తాత చేసిన గరిటెలు నేను మాత్రం తక్కువ విరగ్గొట్టానా? నర్ది కర్రతో చేసి, కాడ చివర చేపను చెక్కేవాడు. చేపకు ఒక పక్కే కన్ను. రెండోదేదని అడిగితే, "పొగకి మండేదానికా అమ్మా?" అనేవాడు. వాళ్ల వాకిట్లో పచ్చి చెక్క వాసన నాకింకా గుర్తే. ఆ రోజులు మళ్లీ రావు.

ఇటలీ నుంచి తిరిగొచ్చాక మస్తానమ్మకు ఒకటే ధ్యాస, నాయన చేతి గరిటె ఒక్కటి దొరకాలి. ఎవరింటికి వెళ్లినా ముందు వంటింట్లోకే. ఆఖరికి మర్రిపాడులో శీనమ్మ అనే పెద్దావిడ ఇంట్లో దొరికింది. నేనూ వెంట ఉన్నాను. ముప్ఫై ఏళ్లుగా పప్పు తిప్పుతున్న గరిటె. చేప ఉంది, కన్ను లేదు. శీనమ్మ వేళ్లకు రెండు పక్కలా నున్నగా అరిగిపోయింది.

"తీసుకుపోమ్మే," అంది శీనమ్మ.

"వద్దు పెద్దమ్మా. అద్దంలో పెట్టి నేనేం జేసేది? నీ చేతిలోనే ఉండనీ," అంటూ మస్తానమ్మ దాన్ని కాగితం మీద పెట్టి, చుట్టూ పెన్సిలుతో గీసుకుంది.

ఇంటికొచ్చి ఆ గీత ప్రకారం కొత్తది చెక్కింది. చేప కుదిరింది. కన్ను ఏ పక్కో గుర్తు రాలేదు. నాకూ రాలేదు. కూతురై ఉండి మరిచిపోయినానే అని రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

మూడో రోజు గ్యాసు అయిపోయి కట్టెల పొయ్యి ముట్టించింది. కన్ను పెట్టని ఆ గరిటెతోనే పప్పు తిప్పుతోంది, నేను పక్కనే కూర్చున్నాను. చేప ఒక పక్క మంట వైపు, ఒక పక్క తన వైపు. ఉన్నట్టుండి చెయ్యి ఆగిపోయింది.

"పొగ తగిలేది అటు గదక్కా," అంది. "కన్ను ఇటే. ఆ చేప ఎప్పుడూ మా అమ్మనే చూస్తా ఉన్నింది."