పియానో కింద వినిపించిన గొంతు

మా పియానో టీచరుగారు పోయారు. పోయిన ఆదివారం పొద్దున బందరు నుంచి, ఆవిడ పక్కింట్లో ఉండే పాస్టరుగారి భార్య ఫోన్ చేసి చెప్పారు. "నిన్న మధ్యాహ్నం అన్నం తిని కుర్చీలో వాలారమ్మా. సాయంత్రం టీ ఇద్దామని వెళ్తే లేరు. ఒళ్లో చేతులు తాళం వేస్తూ వేస్తూ ఆగిపోయినట్టున్నాయి. సరిచేద్దామని దగ్గరికెళ్లి, ఎందుకో ముట్టుకోలేకపోయాను" అన్నారు. గుడివాడలో మా వంటింట్లో నిలబడి ఆ మాట విన్నాను. పాలు పొంగి స్టవ్ ఆరిపోయిన సంగతి చాలాసేపటికి గాని చూసుకోలేదు.

మాది బందరు పక్కన గిలకలదిండి. నాన్న వేటకి వెళ్లేవాడు. అమ్మ గంప నెత్తిన పెట్టుకుని బందరు వీధుల్లో చేపలు అమ్మేది. అమ్మ వాడుకగా చేపలు వేసే ఇళ్లలో టీచరుగారిల్లు ఒకటి. మిషను బడిలో సంగీతం చెప్పి రిటైరైన మనిషి. పెళ్లి చేసుకోలేదు. అమ్మ గుమ్మం ముందు చేపలు తూస్తుంటే నేను లోపలి పియానో వంక చూస్తూ నిలబడేదాన్ని. నాకప్పటికి తొమ్మిదేళ్లుంటాయేమో. ఒకరోజు ఆవిడే అన్నారు. "సాయంత్రాలు పిల్లని పంపించమ్మా. ఊరికే చూస్తూ నిలబడ్డం దేనికి?"

మొదటిరోజు నన్ను నూతి దగ్గరికి తీసుకెళ్లి చేతులు కడిగించారు. నేను సిగ్గుపడుతున్నానని ఆవిడకి అర్థమైంది. "చేపల వాసన ఉన్నా పరవాలేదమ్మా. ఉప్పు మాత్రం ఉండకూడదు" అన్నారు. తర్వాత ఎన్నేళ్లు వెళ్లినా ఆ ఉప్పు మాట మానలేదు. తడి చేతులు తుడిచాక తన వేలితో నా అరచేతిని రాసి చూసేవారు.

ఆ పియానో దివిసీమ నుంచి వచ్చిందని అందరూ చెప్పుకునేవారు. డెబ్భైయేడు ఉప్పెన నీళ్లలో మునిగింది. దాని చెక్క మీద, నా ఛాతీ ఎత్తున, తెల్లటి గీత ఒకటి అడ్డంగా ఉండేది. ఎండాకాలంలో కనపడేది కాదు. వానలు పట్టగానే గీత వెంట సన్నగా ఉప్పు పూసేది. టీచరుగారు తడిగుడ్డతో తుడిచేవారు, వారానికి మళ్లీ పూసేది. మద్రాసు నుంచి వచ్చి తీగలు మార్చిన ముసలాయన, "ఇది ఎప్పుడో పాడైపోవాలి. ఎందుకు పాడవలేదో నాకు తెలీదు" అన్నాడట. ఇంకో సంగతి. దాని మూత ఎప్పుడూ తెరిచే ఉండేది. వాయించే మెట్ల మీద దుమ్ము పడుతుందని ఒకసారి నేను మూత దించబోయాను. ఆవిడ ఎన్నడూ లేంది నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపేశారు. పాత తెల్లచీర ముక్క ఒకటి ఇచ్చి, కప్పమన్నారు.

తాళం లెక్కపెట్టడం నేర్పిన రోజు నాకు బాగా గుర్తుంది. "వన్ అండ్ టూ అండ్" అనమన్నారు. నా నాలిక తిరగలేదు. తెలిసిన చేపల పేర్లు పెట్టుకుని నాలో నేను గొణుక్కున్నాను: "చందువా, చందువా, రొయ్య." మూడు, మూడు, రెండు. ఎనిమిది దెబ్బలూ సరిపోయాయి. తల ఎత్తి చూస్తే టీచరుగారు కిటికీ వైపు తిరిగి నిలబడి ఉన్నారు. అటు తిరిగే అడిగారు.

"అలా అనమని ఎవరు చెప్పారమ్మా?"

"ఎవరూ లేదండీ. అమ్మ గంపలో ఉన్నవే."

"సరే. మనసులో అనుకో. పైకి మాత్రం అనకు."

ఎందుకని అడిగే ధైర్యం నాకు లేదు.

టీచరుగారికి ఒక్క పిచ్చి ఉండేది. విదేశాల్లో పెద్ద పెద్ద పియానో పోటీలు జరుగుతాయి. ఎక్కడెక్కడి కుర్రాళ్లో వడపోతల్లో రాలిపోగా చివరికి కొందరు మిగులుతారు. వాళ్లు ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే ఫైనల్సు షార్ట్‌వేవ్ రేడియోలో ఆదివారం మధ్యాహ్నాలు వేసేవారు. మా అన్నయ్య క్రికెట్ ఎలా వినేవాడో మేమిద్దరం అవి అలా వినేవాళ్లం. పేర్లు నోరు తిరక్క మా పేర్లు మేమే పెట్టుకునేవాళ్లం. పోలండు అబ్బాయి, జపాను పిల్ల, కోపంగా వాయించే రష్యా ఆయన. "ఈ అబ్బాయి తప్పులు లేకుండా వాయిస్తున్నాడు గాని ఎవరికోసం వాయిస్తున్నాడో తెలీటం లేదు" అనేవారు. అయితే ఫలితాలు చెప్పే వేళకి రేడియో కట్టేసేవారు. ఎవరు గెలిచారో ఆవిడకి అక్కర్లేదు. అందరి వాయింపూ ఒకసారి వినాలి, అంతే. నాకు మాత్రం ఉక్రోషంగా ఉండేది.

నేను గొప్పగా వాయించే దాన్ని కాలేకపోయాను. డిగ్రీ అయ్యాక, పెళ్లికి ముందు కొన్నాళ్లు కోనేరు సెంటరు దగ్గర ఒక నెట్ సెంటర్లో పనిచేశాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో అనుకుంటా. అప్పటికి ఆ రేడియో ప్రసారాలు ఆగిపోయాయి. అమెరికాలో జరిగే ఒక పోటీ ఫైనల్సు నెట్‌లో నేరుగా వినొచ్చని నేనే కనిపెట్టి చెప్పాను. వాళ్లకి సాయంత్రం, మనకి పొద్దున. ఓనరు తాళంచెవి నా దగ్గరే ఉండేది. ఎండెక్కకముందే టీచరుగారు గొడుగు పట్టుకుని వచ్చేసేవారు. బొమ్మ లేదు, ధ్వని ఒక్కటే. అదీ మధ్యమధ్యలో ఆగి, మళ్లీ అందుకునేది. చెరో జత హెడ్‌ఫోన్లు పెట్టుకుని, షట్టరు సగం దించుకుని కూర్చునేవాళ్లం.

ఆ రోజు వాయించింది ఒకమ్మాయి. సముద్రమే లేని ఒక చిన్న యూరపు దేశం నుంచి వచ్చిందని అనౌన్సరు చెప్పాడు. రెండో భాగం నెమ్మదిగా సాగేది. వయొలిన్లు తగ్గిపోయాయి. పియానో ఒక్కటే మిగిలింది. దాని అడుగున ఎవరో గొణుగుతున్నారు.

వాయించేవాళ్లు కూనిరాగం తీయడం కొత్తేం కాదు. కాని ఇది వాయిస్తున్న పాట కాదు. పాట నాలుగేసి దెబ్బలుగా నడుస్తోంది. కింది గొంతు మాత్రం మూడు, మూడు, రెండు. మూడు, మూడు, రెండు. నా పెదాలు వాటంతటవే కదులుతున్నాయని తెలిసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. పక్కకి చూస్తే టీచరుగారు కళ్లు మూసుకుని ఉన్నారు. ఆవిడ చెయ్యి నా మణికట్టు మీద ఉంది. మంచులా చల్లగా ఉంది.

వాయింపు అయిపోయాక హెడ్‌ఫోన్లు తీసి, మంచినీళ్లు తాగి, నా వైపు చూడకుండా అడిగారు.

"నీకూ వినపడిందా?"

"వినపడిందండీ."

"మాటలు?"

"మాటలు తెలీలేదండీ. తాళం ఒక్కటే."

అప్పుడు చెప్పారు. ఉప్పెనకి ముందు ఆవిడ దివిసీమలో, సముద్రానికి దగ్గర్లో ఉన్న ఒక హాస్టల్లో పనిచేసేవారు. అక్కడ ఒక జాలరి పిల్ల పియానో నేర్చుకునేది. నేను నేర్చుకోవడం మొదలుపెట్టినప్పటి నా వయసే. "దానికీ వన్, టూ రాలేదు. చందువా, చందువా, రొయ్య అనేది. నేను నవ్వి ఊరుకున్నాను. ఇద్దరం రేడియోలో ఫైనల్సు వినేవాళ్లం. 'పెద్దయ్యాక నేనూ ఇందులో వాయిస్తానండీ, మీరు రేడియోలో వినండి' అంది. వింటానే అన్నాను."

షట్టరు కింద నుంచి ఎండ లోపలికి పాకుతోంది. బయట రిక్షా బెల్లులు వినపడుతున్నాయి.

"ఆ రోజు పొద్దుటి నుంచీ గాలి. సాయంత్రం నీళ్లొస్తున్నాయని అరుపులు. పిల్లలందర్నీ డాబా మెట్లు ఎక్కిస్తున్నాను. సగం మెట్ల మీద అది నా చెయ్యి విడిపించుకుంది. 'పియానో మూత వెయ్యలేదండీ, వేసొస్తా' అని కిందికి పరిగెత్తింది. మూత వెయ్యకుండా లేస్తే నేను కేకలేసేదాన్ని కదా."

మంచినీళ్ల గ్లాసు పక్కకి జరిపారు.

"అది దొరకలేదమ్మా. నీళ్లు తీశాక ఆ గదిలోకి వెళ్లాను. తలుపుల్లేవు, బల్లల్లేవు. పియానో ఒక్కటీ మూలకి కొట్టుకొచ్చి ఉంది. మూత వేసి ఉంది."

అంతకుముందు ఎప్పుడూ లేంది, ఆ పోటీ ఫలితాలు చెప్పేదాకా రోజూ వచ్చి కూర్చున్నారు. ఆ అమ్మాయి గెలవలేదు. "పోనీలే, బాగా వాయించింది" అన్నారు. ముఖంలో ఏదో తేలిక కనపడింది.

ఇంటికెళ్లి అమ్మకి చెప్పాను. అమ్మ వలకి ముడులు వేస్తూ, తల ఎత్తకుండానే అంది. "ఆ పిల్లేనే అది. మళ్లీ పుట్టింది. వయసు సరిపోలేదూ?" నిజమే, సరిపోయింది; ఆ అమ్మాయికి ఇరవైమూడేళ్లని అనౌన్సరు చెప్పాడు. ఆ మాట మోసుకెళ్లి టీచరుగారికి చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. "మా నమ్మకంలో అది లేదమ్మా. పోయినవాళ్లు ప్రభువు దగ్గర ఉంటారు, తిరిగి రారు. నేనది నమ్ముతాను" అన్నారు. కొంచెంసేపటికి, "నమ్ముతూనే విన్నాను" అన్నారు.

ఆ అమ్మాయికి మెయిల్ పెడదామన్నది నేనే. పోటీ వాళ్ల ద్వారా నాలుగు ముక్కలు పంపించాను. మీరు వాయిస్తున్నప్పుడు కింద ఒక కూనిరాగం విన్నాం, అది ఎక్కడిది అని. జవాబు రాదనుకున్నాను. వర్షాలు మొదలయ్యాక వచ్చింది. టీచరుగారు కళ్లజోడు పెట్టుకుని స్క్రీను దగ్గరికి వంగి తనే చదువుకున్నారు. ఆ గొణుగుడు ఆ అమ్మాయికి చిన్నప్పటి అలవాటట. మాటలు రాకముందే అలా గొణిగేదని వాళ్లమ్మ చెబుతుందట. ఎవరూ నేర్పలేదు, మాన్పించాలని చూసినా పోలేదు. చివర్లో ఒక ప్రశ్న అడిగింది. ఇన్నేళ్లలో దాని గురించి ఎవరూ ఇలా అడగలేదు, అందులో మీకేమైనా మాటలు వినపడ్డాయా?

నా వేళ్లు కీబోర్డు మీద ఉన్నాయి. "చెప్పేద్దామాండీ?" అన్నాను.

బయట వాన కురుస్తోంది. కురిసి, వెలిసింది. నేను అంతసేపూ ఆవిడ ముఖమే చూస్తూ కూర్చున్నాను. చెప్పాలని ఆవిడకి ఎంత ఉందో ఆ ముఖంలో కనపడుతోంది. 'ఎక్కడికి పోయావే' అని అడగడానికి పాతికేళ్లుగా మనిషి లేదు, ఇప్పుడు ఆ మెయిలుకి అవతల మనిషి ఉంది.

"మాటలేం లేవని రాయి" అన్నారు చివరికి. "చాలా బాగా వాయించావని రాయి. ఆ అలవాటు మానుకోవద్దని రాయి."

"ఎందుకండీ?"

"ఆ పిల్ల వయసులో ఉంది. దాని బతుకేదో అది బతుకుతోంది. నీళ్లలో పోయిన పిల్లని తీసుకెళ్లి దాని నెత్తిన పెట్టమంటావా?"

అలాగే రాశాను. ఆవిడ లేచి, గొడుగు మర్చిపోయి వెళ్లిపోయారు. అంతకంటే పెద్ద పాఠం ఆవిడ నాకు పియానో ముందు చెప్పలేదు.

ఆ తర్వాత ఏ పోటీ గురించీ మేం మాట్లాడుకోలేదు. నాకు పెళ్లయి గుడివాడ వచ్చేశాను. బందరు వెళ్లినప్పుడల్లా టీచరుగారింటికి వెళ్లేదాన్ని. చివరి రోజుల్లో వినికిడి తగ్గింది. "గట్టిగా మాట్లాడకు, దగ్గరికొచ్చి మాట్లాడు" అనేవారు. తన సొంత వాయింపు వినపడకపోయినా రోజూ కాసేపు వాయించేవారని పాస్టరుగారి భార్య చెప్పారు. ఒక్కోసారి ఆపి, పక్కన ఖాళీగా ఉన్న స్టూలు వైపు తిరిగి, సరేనన్నట్టు తల ఊపి మళ్లీ మొదలుపెట్టేవారట.

సమాధి దగ్గర పెద్దగా జనం లేరు. పాత విద్యార్థులం కొందరం, వీధిలో వాళ్లు. అమ్మ వచ్చింది. మట్టి వేశాక తడి చేతులు చీరకి తుడుచుకుంటూ, "మంచి మనిషే. ఏనాడూ బేరమాడలేదు" అంది.

తిరుగు ప్రయాణంలో గుడివాడ బస్సు దొరక్క విజయవాడ బస్సెక్కాను, పామర్రులో మారదామని. ఊరు దాటి కొంతదూరం పోయాక టైరు పంక్చరైంది. అందరం దిగాం. కాలవలకి కొత్తగా నీళ్లు వదిలారు. నాట్లు ఇంకా పడలేదు. రోడ్డుకి రెండు వైపులా, చూపు ఆనినంత మేర, దమ్ము చేసిన చేలల్లో నీళ్లు. గాలి లేదు. ఆ నీళ్లలో కొంగలు, లెక్కలేనన్ని తెల్ల కొంగలు నిలబడి ఉన్నాయి. ఒక్కటీ మేత మేయడం లేదు. అన్నీ తూర్పుకి, సముద్రం వైపు తిరిగి, ఏదో వింటున్నట్టు ఉన్నాయి. డ్రైవరు జాకీ కింద పడేశాడు. ఆ చప్పుడు చేలంతా వినపడింది. ఒక్క కొంగ కూడా లేవలేదు, మెడ తిప్పలేదు. బస్సు కదిలాక వెనక అద్దంలోంచి, కనపడినంతసేపూ చూశాను. అలాగే ఉన్నాయి.