నోరెత్తని పిల్లి

ఆ టైలరుకు పిల్లి పొడ గిట్టదు. దాన్ని ఇంటికి తెచ్చింది అక్క. పొడవాటి తెల్లని బొచ్చు, నీలి కళ్లు. ఎత్తుకుంటే చాలు, ఒళ్లు వదిలేసి తడిగుడ్డలా చేతుల మీద వాలిపోయేది. ఆ జాతే అంత, గోరు విప్పడం కూడా తెలియదని మురిసిపోతూ అక్క దానికి దూది అని పేరు పెట్టింది. తమ్ముడికి మాత్రం కుట్టే ప్రతి నల్లకోటు మీదా ఆ దూదే కనబడేది.

"గుండీలు కుట్టమన్నాను గానీ తోక కుట్టమన్నానా?" అని ఓ గిరాకీ నవ్వితే తల కొట్టేసినట్టయింది.

ఒకరోజు అక్క మెట్ల మీద జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రికి తీసుకెళ్తుంటే స్ట్రెచరు మీంచే అప్పగింతలు పెట్టింది. "రోజూ దువ్వరా. చంకల్లో, పొట్ట కింద. లేకపోతే ఉండలు కట్టేస్తుంది."

మూడు రోజులు దువ్వాడు. నాలుగో రోజు ఒక బ్యాండు వాళ్ల నల్లకోట్లు పన్నెండు వచ్చి పడ్డాయి. దూదిని వెనకగదిలో పెట్టి తలుపేశాడు. ఇంకో పిల్లయితే ఇల్లు పీకి పందిరేసేది. ఇది కిక్కురుమనలేదు. దువ్వెన ముట్టకుండానే వారం గడిచింది. ఓ పొద్దున్న చూస్తే ఇసుక ట్రే పొడిగా ఉంది. ఓ పని తప్పిందనుకుని మిషను ముందు కూర్చున్నాడు. సాయంత్రానికి గిన్నెలో తిండి పెట్టింది పెట్టినట్టే ఉంది. ఎత్తుకుంటే ఎప్పటిలాగే ఒళ్లు వదిలేసింది. సరేలే అని దించేశాడు. ఆ మర్నాడు ఎత్తితే మెడ కూడా నిలవలేదు. అప్పుడు చేతికి తగిలింది, రాయిలా బిగిసిన పొట్ట.

పశువుల డాక్టరమ్మ నొక్కి చూసి అడిగింది. "మూత్రం ఎప్పట్నుంచి పోయడం లేదు?"

"నిన్నట్నుంచి... ట్రే పొడిగానే ఉందండీ."

"చూసి కూడా ఊరుకున్నారా?"

ఆయన చొక్కాకంటిన తెల్లబొచ్చు ఏరుకుంటూ నిలబడ్డాడు.

మూత్రానికి గొట్టం వేసి ప్రాణం నిలబెట్టారు గానీ కిడ్నీలు దెబ్బతిన్నాయి. పొట్ట మీది బొచ్చు గీసేస్తే ఉండల కింద చర్మం ఎర్రగా కమిలి ఉంది. ఇక బతికినన్నాళ్లూ రోజూ చర్మం కింద సెలైను ఎక్కించాలన్నారు.

ఆసుపత్రిలో అక్క అడిగినప్పుడల్లా "బాగానే ఉంది" అని దాటేశాడు. పిల్లికి గొట్టం వేసిన మూడోరోజు ఇక దాచలేక అంతా చెప్పేశాడు.

"దానికి నొప్పి చెప్పుకోవడం రాదురా. అందుకే కదా చూసుకోమన్నాను," అని ఆమె మొహం గోడవైపు తిప్పేసుకుంది.

ముప్ఫై ఏళ్లు సూది పట్టిన చెయ్యి. మొదటిసారి ఆ పిల్లి మెడ వెనక గుచ్చబోయి రెండుసార్లు వెనక్కొచ్చింది. దూది మాత్రం ఆయన ఒళ్లో వాలిపోయి గురగురలాడింది. ఆ గురగుర వినలేక రేడియో పెట్టుకునేవాడు.

అది పద్నాలుగు నెలలు బతికింది. ఒక్కరోజు కూడా ఆయన సెలైను మానలేదు. చేతికర్రతో తిరిగొచ్చిన అక్క, పిల్లి పోయాక కూడా ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

"నాలుగు తిట్టినా బాగుండేది," అని ఆయన ఇప్పటికీ పక్క దుకాణం చెప్పుల మేస్త్రితో అంటుంటాడు.