కరివేపాకు దిగుమతి చేసుకున్న తిరుమలరావుగారు

తిరుమలరావుగారితో మీరు ఏ విషయమైనా ఎత్తండి, మూడో మాటకి ఆయన ఆసియాన్‌ దగ్గర తేలుతారు. ఆగ్నేయాసియా దేశాల కూటమి అన్నమాట. మోకాలి నొప్పి ఎలా ఉందంటే ఇండోనేషియా సంగతి చెబుతారు. ఉల్లిపాయలు కుళ్ళాయంటే సింగపూరు రేవు సంగతి చెబుతారు. బిలాస్‌పూర్‌లో ఆయన పేరు తెలియనివాళ్ళు ఉండొచ్చు గాని, "ఆసియాన్ అంకుల్ ఇల్లు" అంటే తార్‌బహార్ పేట ఆటోవాళ్ళు తిన్నగా గుమ్మంలో దింపుతారు.

ఈ సంగతి కోడలు ప్రత్యూషకి పెళ్ళిచూపుల్లోనే తెలియాల్సింది. భిలాయిలో వాళ్ళింటికొచ్చిన పెద్దమనిషి పిల్లకి వంట వచ్చా అని గాని, పాట వచ్చా అని గాని అడగలేదు.

"ఆసియాన్‌లో ఎన్ని దేశాలమ్మా?" అన్నారు.

పిల్ల బిత్తరపోయి, "పది," అంది.

"అచ్ఛా! ఈమధ్యే పదకొండయ్యాయి. ఫర్వాలేదు, దగ్గరికొచ్చావు. సంబంధం ఖాయం!"

ఆయన గూడ్సు గార్డుగా రిటైరయ్యారు. సిగ్నల్ కోసం బండి గంటలకొద్దీ ఆగిపోతే, చివరి పెట్టె బ్రేక్‌వేన్‌లో ఒక్కరూ కూర్చుని పకోడీ పొట్లం కాగితంతో సహా చదివేవారు. అలా ఏ కాగితంలోనో ఆసియాన్ తగిలింది. ఇక వదల్లేదు.

"విడివిడిగా చూస్తే ఒక్కొక్కటీ ఏపాటిదే అమ్మా? అన్నీ కలిపి చూడు, ప్రపంచంలో నాలుగో అయిదో పెద్ద ఆర్థిక వ్యవస్థ! అటు చైనా, ఇటు అమెరికా. ఇద్దరితోనూ బేరమే! కలిసుండడమంటే అదీ!"

"కూర మాడుతోంది మావయ్యా."

"మాడనీ. ముందు మలక్కా జలసంధి విను."

చదివి ఊరుకున్నా బాగుండేది. ఆయన తమ సందులోని తెలుగు ఇళ్ళన్నిటినీ కలిపి ఓ కూటమి కట్టేశారు. తమ ఇల్లు సింగపూరు, ఎందుకంటే చోటు తక్కువ, డాబు ఎక్కువ. ఎదురింటి కనకం కొడుకు పెట్రోలు బంకులో పనిచేస్తాడు కాబట్టి ఆవిడ చమురు దేశం బ్రూనై. గోడవతల ఒంటరిగా ఉండే అప్పలనర్సమ్మ వియత్నాం. ఎగుమతుల్లో దూసుకుపోతున్న దేశమట. ఇంతా చేసి ఆవిడ ఎగుమతి చేసేది కరివేపాకు.

కూటమికి నియమాలున్నాయండోయ్! గోడ దాటే సరుకు మీద సుంకం లేదు. పుచ్చుకున్నవాళ్ళు ఏదో ఒకటి తిరిగి పంపాలి. ఒకరింటి విషయంలో ఒకరు వేలు పెట్టకూడదు. ఏం చేసినా ఓటింగు ఉండదు, అందరూ ఒప్పుకుని తీరాలి. ఈ చివరిదాని పుణ్యమా అని, పులిహోరా దద్దోజనమా అన్నది తేలక వినాయకచవితి ప్రసాదం దసరాకి పంచారు.

ప్రత్యూషకి ఒళ్ళు మండేది ఒక్క విషయంలోనే. పెరట్లో ఏపుగా పెరిగిన కరివేపాకు చెట్టుని మావగారు ఎప్పుడో వేళ్ళతో సహా పీకించేశారు. ఇప్పుడు చారు పొయ్యిమీద పెట్టి, రెండు రెబ్బల కోసం అప్పలనర్సమ్మ గుమ్మానికి పరిగెత్తాలి. వట్టి చేతులతో కూడదు, గిన్నెడు కూరో పప్పో పట్టుకెళ్ళాలి.

"ఎందుకు పీకించారు మావయ్యా?"

"పురుగు పట్టింది."

"మళ్ళీ వేసుకుందాం."

"వద్దు. అన్నీ మనమే పండించుకుంటే ఇంక కూటమెందుకు?"

మొగుడు నాగేంద్రతో మొరపెట్టుకుంటే, సీపత్ కరెంటు ప్లాంటులో డ్యూటీకి బయల్దేరుతూ, "అరే, పాపా కో ఛోడో యార్," అని నాన్నని వదిలెయ్యమనేసి బండెక్కేశాడు.

ఇలా ఉండగా తిరుమలరావుగారు పెళ్ళికని విజయనగరం వెళ్ళారు. అత్తగారు ఎప్పుడో పోయారు, ఇంటికి ఇప్పుడు ప్రత్యూషదే పెత్తనం. వెంటనే నర్సరీ నుంచి కరివేపాకు మొక్క తెచ్చి కుండీలో పెట్టింది. రోజూ ఆకు కోసే శ్రమ ముసలావిడకి తప్పించానని మురిసిపోయింది. అన్నం, పప్పు, వంకాయకూర హోటలు వాళ్ళిచ్చే ప్లాస్టిక్ డబ్బాల్లో సర్ది పట్టుకెళ్ళింది.

"నర్సమ్మత్తా, మాకిప్పుడు మొక్కుంది, మీరేం ఇవ్వక్కర్లేదు. ఈ డబ్బాలూ తిరిగివ్వక్కర్లేదు, పారేయండి."

అప్పలనర్సమ్మ డబ్బాల వంక కాసేపు చూసింది. "నాను తినీసానమ్మా," అని తలుపేసుకుంది.

మర్నాడూ తినేసిందట. ఆ మర్నాడు కనకం కంగారుగా వచ్చింది. "ఏటే ప్రత్యూషా, నర్సమ్మప్ప మా గిన్నె కూడా వెనక్కంపీసింది. రెండ్రోజులయి కడుపులో ఏటైనా పడిందో లేదో!"



ఆ సాయంత్రం మావగారు దిగారు. సంచీ కింద పెట్టకముందే జరిగినదంతా చెప్పేసింది. ఆయన నోట ఒక్క దేశం పేరు రాలేదు. కుండీలో మొక్కని చూసి అరుగుమీద కూలబడ్డారు.

"నర్సమ్మప్ప మొగుడు ఎర్రయ్య బావ పోయినప్పుడూ ఆవిడ ఇలాగే చేసిందమ్మా. బావ గూడ్సు షెడ్‌లో కాంట్రాక్టు కూలీ, పెన్షన్ లేదు. అప్పకి మోకాళ్ళు పోయాయి, పొయ్యి దగ్గర నిలబడలేదు. ఎవరేం పెట్టినా గిన్నె ఖాళీగా తిరిగివ్వదు. ఇవ్వడానికేమీ లేకపోతే పుచ్చుకోవడమే మానేస్తుంది. ఆ పెరట్లో ఉన్నది ఆ చెట్టొక్కటే. మనకీ చెట్టుంటే ఆవిడ ఆకు ఎవడిక్కావాలి చెప్పు?"

"అందుకని పీకించేశారా?"

"పురుగు పట్టింది," అన్నారాయన, అలవాటు కొద్దీ.

ప్రత్యూషకి కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి, నవ్వూ వచ్చింది. ఒక ముసలావిడ చేత నాలుగు ముద్దలు తినిపించడానికి ఈయన ఆగ్నేయాసియా మొత్తాన్ని పనిలో పెట్టారు! ఇలాంటి మావగారి మీద ఇన్నాళ్ళూ విసుక్కున్నానని తన మీద తనకే కోపం వచ్చింది.

"ఉండు, అత్యవసర సమావేశం పిలుస్తాను," అని లేచారాయన.

"మీరు జోక్యం చేసుకోకండి మావయ్యా."

స్టీలు గిన్నెలో అన్నం, ముద్దపప్పు పెట్టుకుని, చంకలో కుండీ ఇరికించుకుని వెళ్ళి తలుపు తట్టింది.

"నర్సమ్మత్తా, ఈ మొక్క నా చేతిలో బతకదు. మీ పెరట్లో పెట్టుకోండి, పెరిగాక ఆకు మాకే ఇవ్వాలి. ఇవాళ చారులోకి ఒక్క రెబ్బ లేదు. గిన్నె నిండా ఇస్తే గాని కదలను."

అప్పలనర్సమ్మ కుండీని చూసింది, గిన్నెని చూసింది. "డబ్బాలేవే?"

"పారేశాను. తప్పయిపోయింది అత్తా."

"మరి ఈ మొక్క ఏటి, పెట్టుబడా?"

"అవును. విదేశీ పెట్టుబడి."

ముసలావిడ పకపకా నవ్వేసింది. "ఓలమ్మా, నీకూ అంటుకుందేటే ఆడి తెగులు! రా, కూకో."

పీట మీద కూర్చుని నెమ్మదిగా తినడం మొదలుపెట్టింది. నాలుగు ముద్దలు లోపలికెళ్ళాక గొంతు తగ్గించింది.

"మీ మావ ఆ సెట్టు పీకించిన నాడు నాను గోడమీంచి సూసాన్లే. పురుగూ లేదు, పుట్రా లేదు. నవనవలాడతంది."

ప్రత్యూష తెల్లబోయింది. "మరి ఏమీ అనలేదేం?"

"ఏటంటాను? అంత సెట్టు నాకోసం పీకీసినోడు. పోన్లే, ఆడి ముచ్చట ఎందుకు కాదనాలని ఊరుకున్నాను. ఆడు ఏ ఎత్తు ఏసినా ఆకు నాదే కదే? నానిస్తేనే ఆడి పోపు గుమాయిస్తాది."

"మీకు తెలుసని మావయ్యతో చెప్పనా?"

"సంపేస్తాను! ఆల్లింటి యవ్వారంలో మనం ఏలెట్టకూడదు. రూలు తెల్దేటి నీకు?"

అంతలో గోడవతల నుంచి తిరుమలరావుగారి గొంతు ఆత్రంగా లేచింది. "అప్పా! సింగపూరులో చారు మరిగిపోతోంది! వియత్నాం సరుకు బయల్దేరిందా?"

అప్పలనర్సమ్మ చెయ్యి కడుక్కుని, గిన్నె నిండా కరివేపాకు దూసి ప్రత్యూష చేతిలో పెట్టింది. తర్వాత గోడకేసి తిరిగి కేకేసింది.

"వస్తంది ఆగు బాబూ! పప్పులో ఉప్పు సాల్లేదు. ముందు నీ సరుకు సూసుకో!"